గలగలా? కటకటా? – పాత మారుతి శబ్దాల డైరీ

జూన్ 22, ఆదివారం

మా కారు శబ్దం మీద ఇంట్లో మూడు వాదనలున్నాయి. అమ్మది: "అది కారు కాదురా, స్టీలు సామాన్ల బండి." నాన్నది: "ఏ శబ్దం? నాకేం వినపడట్లేదే!" నాది: శబ్దం ఉంది, ఎక్కడుందో తెలియదు.

బండి మారుతి 800. నాన్న 2004లో కొన్నారు. ఏపీ 10, అంటే సికింద్రాబాద్ నంబరు. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, నిరుడు ఇంకోసారి రిజిస్ట్రేషన్ ఐదేళ్లు పొడిగించుకున్నాం, గ్రీన్ ట్యాక్స్ కట్టుకున్నాం. ఊళ్లో నంబరు ప్లేట్లు ఏపీ నుంచి టీఎస్‌కీ, అక్కడి నుంచి టీజీకీ మారాయి. ఇది మాత్రం ఏపీ 10 గానే పద్మారావు నగర్ సందుల్లో తిరుగుతోంది. మీటరు ఇవాళ 1,12,460.

నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయ్యి కొన్నాళ్లు డ్రైవింగ్ వద్దన్నారు కాబట్టి తాళాలు నా చేతికొచ్చాయి. శ్రావణ మాసంలో యాదగిరిగుట్ట వెళ్లాలని అమ్మ కోరిక. "ఈ కారైతే నేను ఎక్కను, క్యాబ్ మాట్లాడు" అంది. క్యాబ్ అనగానే నాన్న మొహం మాడింది. నాకు దొరికింది ఆరు వారాల గడువు.

మొదట ఒక మెకానిక్ భాయ్‌కి చూపించాను. "సౌండ్ వస్తోంది భాయ్" అన్నాను. ఆయన నవ్వి, "ఎట్ల వస్తుంది సార్? గలగల అంటుందా, కటకట అంటుందా, కిర్రుమంటుందా?" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఇరవై ఒక్కేళ్లుగా వింటున్న శబ్దానికి పేరు చెప్పలేకపోయాను. "అన్నీ" అన్నాను చివరికి. "అయితే అన్నీ మార్చాలె" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను. అమ్మ చెవి మామూలు చెవి కాదు. కొబ్బరికాయ ఊపి లోపల నీళ్లెన్నో చెబుతుంది, పక్క గదిలో ఉండి మినపగుళ్ల డబ్బా సగానికి వచ్చిందని చెబుతుంది. కళ్లు మూసుకుని ఆలోచించి చెప్పింది: "ఆగినప్పుడు జర్ర్‌మంటుంది, మీ అమ్మమ్మ పాత ఫ్రిజ్‌లాగా. గుంతల్లో ముందు కటకటమంటుంది. వెనక గలగల వేరే. అన్నీ ఒకటే అనుకుంటే నీకు ఎప్పటికీ దొరకదు."

నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. గలగల అంటే ఖాళీ చోట చిన్న వస్తువు దొర్లడం. కటకట అంటే ఇనుముకి ఇనుము తగలడం. జర్ర్ అంటే పల్చటి రేకు అదరడం. కిర్రు అంటే ఎండిన రబ్బరు, కొత్త చెప్పులాగా. ఇక ఒక్కోదాన్ని విడదీయాలి.

జూన్ 29, ఆదివారం

విప్పడానికి ముందు ఖాళీ చేయడం. కారులోంచి తీసినవి: రెండు గొడుగులు (ఒకటి విరిగింది), జాకీ, గుడ్డ చుట్టని స్పానర్లు, 2011 నాటి పెట్రోలు రసీదులు, అగరుబత్తి పెట్టె, డ్రైవర్ డోర్ అరలో 47 రూపాయల చిల్లర. అందులో ఒక పావలా కూడా ఉంది. పావలాలు 2011 జూన్‌తో చెల్లకుండా పోయాయి, అంటే అది అంతకంటే ముందు నుంచీ గలగలమంటూ ఉండాలి. జాకీని పాత దుప్పటి ముక్కలో చుట్టి పెట్టాను. స్టెప్నీని పట్టి ఉంచే బోల్టు చేత్తోనే ఒక చుట్టున్నర తిరిగింది. బిగించాను.

ఖర్చు సున్నా. వెనక గలగల సగం పోయిందని నా అంచనా. అమ్మ లెక్కలో "పావు వంతు".

తర్వాత అసలు పరీక్షలు. తెల్లవారి ఐదున్నరకి మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లాను. ఆ టైములో అక్కడ కాకులు తప్ప ఎవరూ ఉండరు, పైగా రోడ్డు పక్కన పొడుగాటి ప్రహరీ గోడ ఉంది. అద్దాలు దించి గోడ పక్కనే మెల్లగా నడిపితే, కింది నుంచి వచ్చే శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి చెవికే వస్తుంది. ఎడమ పక్క శబ్దం ఎడమ గోడ దగ్గర పెద్దదవుతుంది. తిరుగు ప్రయాణంలో గోడ కుడివైపుకి వస్తుంది కాబట్టి రెండు పక్కలూ పోల్చుకోవచ్చు. నా చేతిలో ఉన్న అన్ని పరికరాల కంటే ఈ గోడే ఎక్కువ పనికొచ్చింది.

తేల్చుకోవాల్సింది శబ్దం ఇంజిన్‌తో వస్తోందా, చక్రం తిరగడంతో వస్తోందా, గుంతతో వస్తోందా అన్నది. నిలబెట్టి ఇంజిన్ రేజ్ చేసి విన్నాను: జర్ర్ ఉంది, మిగతావి లేవు. సుమారు 40 స్పీడులో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి వదిలేశాను: స్పీడుతో పాటు పెరిగే తగ్గే శబ్దమేదీ లేదు, కాబట్టి వీల్ బేరింగ్ మీద అనుమానం తగ్గింది. (న్యూట్రల్ అంటే ఇంజిన్ నడుస్తూ ఉండగానే. తాళం ఆపి చూస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది, ఆ ప్రయోగం వద్దు.) ఖాళీ జాగాలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి గుండ్రంగా తిరిగాను. సీవీ జాయింట్ (ఇంజిన్ తిప్పుని ముందు చక్రానికి అందించే కీలు) పోతే అప్పుడు టకటకమంటుంది. రెండు పక్కలా నిశ్శబ్దం, దేవుడి దయ.

గుంతల్లో కటకట మాత్రం స్పష్టంగా ముందు ఎడమ నుంచి వచ్చింది. అదే గుంతలో బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి మళ్లీ వెళ్లాను. బ్రేకు ప్యాడ్లు వదులుగా ఊగుతుంటే ఆ తాకిడికే బిగుసుకుని శబ్దం ఆగాలి. ఆగలేదు. అంటే గుంతల కుదుపు మోసే సస్పెన్షనే.

జూలై 5, శనివారం

జర్ర్ సంగతి.

ఆఫీసు నుంచి వచ్చి పార్కింగ్‌లో బానెట్ ఎత్తాను. విచిత్రం ఏమిటంటే ఏసీ వేయగానే జర్ర్ మాయమవుతుంది, ఆపగానే తిరిగొస్తుంది. అరగంట నేను ఏసీ కంప్రెసర్‌నే అనుమానించాను, అనవసరంగా. ఏసీ వేస్తే ఇంజిన్ బరువు మోయడానికి ఐడిలింగ్ కాస్త పెరుగుతుంది, అంతే. ఆ కొంచెం తేడాకే అదురు తప్పిపోతోంది.

కాగితం మీద లెక్క వేశాను. ఐడిలింగ్ నిమిషానికి 900 చుట్లు అనుకుందాం, అంటే సెకనుకి 15. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో ఒక చుట్టుకి ఒకటిన్నర పేలుడు. సెకనుకి ఇరవై రెండున్నర కుదుపులు. ఏదో ఒక రేకు ఆ కుదుపులకి తాళం వేస్తోంది. కుదుపు వేగం మారితే తాళం తప్పుతుంది. కాబట్టి వెతకాల్సింది కంప్రెసర్ కోసం కాదు, రేకు కోసం.

పాత మాపు కర్ర తెచ్చి, ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో రేకునీ దూరం నుంచి నొక్కుతూ పోయాను. చేయి పెట్టకూడదు, చొక్కా చేతులు మడుచుకోవాలి, ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో దానికే తెలియదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పంపే గొట్టాలు) మీద వేడిని ఆపే రేకుని నొక్కగానే జర్ర్ టక్కున ఆగింది. వదిలితే వచ్చింది. మళ్లీ నొక్కాను, ఆగింది. పక్కన నిలబడి చూస్తున్న వాచ్‌మన్ "దొరికింది సార్!" అని నాకంటే ముందు అరిచాడు.

తమాషా ఏమిటంటే బోల్టులు గట్టిగానే ఉన్నాయి. స్పానర్ పెట్టి చూసి "ఇది కాదు" అనుకుని వదిలేసేవాణ్ణే. బోల్టు చుట్టూ ఉన్న రేకు తుప్పు తినేసి, చిల్లు బోల్టు తలకంటే పెద్దదైపోయింది. రేకు బోల్టు చుట్టూ స్వేచ్ఛగా ఆడుతోంది. ఇంజిన్ చల్లారాక తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేశాను.

పొద్దున్నే చేసిన పని ఇక్కడే చేరుస్తున్నాను: రెండు బోల్టులు మెల్లగా వచ్చాయి. ముందుకొక పావు, వెనక్కొక పావు తిప్పుతూ తీశాను. ఒక్క దెబ్బకి లాగితే తల తెగి చేతికొస్తుంది, ఆ అనుభవం స్కూటర్ మీద ఉంది. చిల్లు కంటే వెడల్పైన స్టీలు వాషర్లు పెట్టి బిగించాను. హార్డ్‌వేర్ షాపులో వాషర్లకి పన్నెండు రూపాయలు. అక్కడ రబ్బరు వాషర్ పెట్టమని తమ్ముడు ఫోన్లో సలహా ఇచ్చాడు. రబ్బరు ఆ వేడికి కరిగి వాసన కొడుతుందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

స్టార్ట్ చేశాను. అమ్మమ్మ ఫ్రిజ్ ఆగిపోయింది.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. పని లేదు. ఉజ్జయిని మహంకాళి గుడి వైపు రోడ్లన్నీ జనం, సందు సందునా డప్పులు, మైకులు. నాన్న బాల్కనీలో కుర్చీ వేసుకుని, "ఈ శబ్దం మాత్రం నాకు బ్రహ్మాండంగా వినిపిస్తోంది" అన్నారు.

జూలై 19, శనివారం

ముందు ఎడమ కటకట. వేరే గ్యారేజీలో చూపిస్తే ముందు బానెట్ మీద చేత్తో రెండుసార్లు ఊపి, "షాక్ అబ్జార్బర్లు పోయినయ్, జత మార్చాలె, లేబర్‌తో కలిపి ఏడు వేలు" అన్నారు. బండి కింద తల పెట్టినవాళ్లు లేరు. షాక్ పోతే ఊపి వదిలాక బండి రెండు మూడుసార్లు ఊగుతూ ఉండాలి, ఆయిల్ చెమర్చిన మరక కనిపించాలి. మాది ఒక్క ఊపుకే నిలబడింది, మరక లేదు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను.

ఇంట్లో వెనక చక్రాలకి గ్రానైట్ ముక్కలు అడ్డం పెట్టి, ముందు భాగం జాకీతో లేపి రెండు స్టాండ్ల మీద దించాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరడం గురించి అమ్మ చెప్పే కథలు ఇక్కడ రాయను, కానీ ఆ కథల వల్లే స్టాండ్లు కొన్నాను.

చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాను: అలా ఆడితే బాల్ జాయింటో బేరింగో. ఆడలేదు. ఎడమా కుడీ పట్టి ఊపాను: అలా ఆడితే టై రాడ్ ఎండ్. ఆడలేదు. అప్పుడు పొడుగాటి గునపం లాంటి ఇనుప కడ్డీ తీసుకుని, చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్‌కీ స్టెబిలైజర్ బార్‌కీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తాను.

కటక్.

నోట్‌బుక్‌లో ఆ పదం ఎంత కచ్చితంగా రాసుకున్నానో శబ్దం అచ్చం అలాగే వచ్చింది. మరోసారి ఎత్తాను. కటక్. కిందే పడుకుని నవ్వుకున్నాను.

ఈ బండిలో స్టెబిలైజర్ బార్‌కి రెండు ఉద్యోగాలు. మలుపుల్లో బండి ఒరగకుండా చూడటం ఒకటి. రెండోది, దాని చివరలు రబ్బరు బుష్‌ల గుండా లోయర్ ఆర్మ్‌లో దూరి, చక్రం ముందుకీ వెనక్కీ కదలకుండా ఆర్మ్‌ని పట్టి ఉంచడం. అందుకే అక్కడ రబ్బరు అరిగితే ప్రతి గుంతకీ ఇనుము ఇనుముని తడుతుంది. టార్చ్ వేసి చూస్తే ఎడమ బుష్ పగిలి, వడియంలా పొరలు పొరలుగా ఉంది. ఇరవై ఒక్కేళ్ల రబ్బరు మరి, దాన్ని తిట్టడానికి నోరు రాలేదు.

మధ్యాహ్నం స్పేర్ పార్టుల కోసం పుత్లీబౌలి వెళ్లాను. పగిలిన బుష్ నుంచి ఊడొచ్చిన ముక్కని జేబులో వేసుకుని వెళ్లడం మంచిదైంది. కౌంటర్ దగ్గర పెద్దాయన నేను చెప్పేది సగం వినకుండానే చెయ్యి చాపి, "నమూనా ఉందా?" అన్నాడు. ముక్కని తిప్పి చూసి లోపలి నుంచి కవర్ తెచ్చాడు. బార్ మధ్యలో బాడీకి పట్టే రెండు బుష్‌లు, చివర్ల బుష్‌లు, నట్టు ఊడకుండా అడ్డం పెట్టే కొత్త స్ప్లిట్ పిన్లు కలిపి ఐదు వందల లోపే. ఏడు వేలెక్కడ!

జూలై 20, ఆదివారం

బుష్‌లు వేశాను. మూడు గంటలు పట్టింది, అందులో రెండు గంటలు ఒక్క నట్టుకే.

ముందు రెండు చక్రాలూ కలిపి లేపాలి. ఒక్క పక్కే లేపితే బార్ మెలి తిరిగి బిగుసుకుని ఉంటుంది, నట్టు తీయగానే చేతిని కొడుతుంది. చివరి నట్టుకి స్ప్లిట్ పిన్ ఉంటుంది. పాతది విరిచి పారేయాలి, మళ్లీ వాడకూడదు. కుడి నట్టు సులువుగా వచ్చింది. ఎడమది రాలేదు. ఆయిల్, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, మళ్లీ ఆయిల్, స్పానర్‌కి నీళ్ల పైపు ముక్క తొడిగి పట్టు పెంచడం, మధ్యలో టీ. చివరికి వచ్చినప్పుడు చేసిన శబ్దానికి మా నిఘంటువులో పదం లేదు.

కొత్త బుష్‌లు వేసి, నట్లు బిగించి, బండి దించాను. కటకట లేదు. స్పీడ్ బ్రేకర్ల మీద రెండు రౌండ్లు తిరిగి వచ్చి గర్వంగా భోజనం చేశాను.

జూలై 24, గురువారం

కిర్రు.

ఇది కొత్తది. ఇంతకు ముందు లేనేలేదు. ఆఫీసుకి వెళ్తుంటే తార్నాక దగ్గర మొదలైంది, స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, తలుపు తీసి మూసినట్టు.

తప్పు నాదే. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే నట్లు పూర్తిగా బిగించేశాను. అప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. బండి దించగానే ఆర్మ్ పైకి వస్తుంది, ఆ వంకర పట్టులోనే ఇరుక్కున్న రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది. మొదట వదులుగా పట్టించి, చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆకలి మీద చేశాను. అలా వదిలేస్తే కొత్త రబ్బరు కూడా త్వరగా చిరుగుతుంది.

సాయంత్రం బండి నేల మీదే ఉంచి, కింద చాప వేసుకుని, నట్లు వదులు చేసి, ముందు భాగాన్ని నాలుగుసార్లు ఊపి, మళ్లీ బిగించి కొత్త స్ప్లిట్ పిన్ వేశాను. పది నిమిషాల పని. కిర్రు పోయింది. చొక్కా కూడా పోయింది, గ్రీజు మరక.

జూలై 27, ఆదివారం

మిగిలింది అమ్మ చెప్పిన వెనక గలగలలో ముప్పాతిక వంతు.

కూకట్‌పల్లి నుంచి తమ్ముడు వచ్చాడు. వాడు డ్రైవింగ్, అమ్మ వెనక సీట్లో కుడివైపు, నేను ఎడమవైపు తల వెనక్కి తిప్పి, డిక్కీ మీద చెయ్యి వేసి. వారాసిగూడ మ్యాన్‌హోల్ మూతల మీదుగా మూడు రౌండ్లు. నేను ఎడమ అద్దం అన్నాను. అమ్మ, "కాదు, నడిమధ్య. తాళం పడేచోట" అంది.

నమ్మకం కుదరక పరీక్ష పెట్టాను. డిక్కీ తలుపు గొళ్లెం పట్టుకునే కొక్కేనికి నాలుగు చుట్లు ఇన్సులేషన్ టేప్ చుట్టి తలుపు వేశాం. నాలుగో రౌండ్లో ఏమీ లేదు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా తగిలింది.

టేప్ నాలుగు రోజుల్లో చిరుగుతుంది, అది రోగం తెలుసుకోవడానికే. కొక్కెం బోల్టులు వదులు చేసి ఒక మిల్లీమీటరో రెండో లోపలికి జరిపితే తలుపు రబ్బరు బీడింగ్ మీద ఒత్తుగా కూర్చుంది. రెండు పక్కలా ఉండే రబ్బరు బొడిపెల్లో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. దాని చోట సైకిల్ ట్యూబు ముక్క రెండు మడతలు పెట్టి అతికించాను. అందంగా లేదు, ఎవరూ అక్కడ చూడరు.

ఎడమ అద్దం దగ్గర కూడా ఒక చిన్న చిటపట ఉంది, నేను పూర్తిగా తప్పు కాదు. సగం దించినప్పుడే వస్తుంది. అద్దం జారే గాడిలో వెల్వెట్ అరిగింది. దాన్ని వదిలేశాను. అమ్మ ఎలాగూ అద్దం పూర్తిగా ఎక్కించుకునే కూర్చుంటుంది.

ఇప్పటిదాకా ఖర్చు: ఆయిల్, టేప్, వాషర్లు, బుష్‌లు కలిపి ఎనిమిది వందల చిల్లర. స్టాండ్లు లెక్కలో వేయలేదు, అవి ఇంటి ఆస్తి.

ఆగస్టు 3, ఆదివారం

యాదగిరిగుట్ట. పొద్దున్న ఐదింటికే బయల్దేరాం. డాక్టరు సరేనన్నారు కాబట్టి నడిపేది తానేనని నాన్న రాత్రే ప్రకటించారు. జూన్ తర్వాత ఆయన స్టీరింగ్ పట్టడం ఇదే మొదలు. నేను పక్క సీట్లో, అమ్మ వెనక, ఒళ్లో పులిహోర డబ్బా. డబ్బా మూత చుట్టూ గుడ్డ కట్టింది, "మళ్లీ ఇదే శబ్దమంటావు" అని.

హబ్సిగూడ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. గుంతలు వచ్చాయి, పోయాయి. నేను ముందు ఎడమ వైపు చెవి పెట్టి కూర్చున్నాను. టైరు శబ్దం, గాలి, అంతే. అద్దంలో అమ్మ వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉంది. వింటోందనుకున్నాను, కాసేపటికి చూస్తే నిద్రపోతోంది. ఈ కారులో అమ్మ నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆగాం. నాన్న గేరు న్యూట్రల్ చేసి, ఒక క్షణం ఆగి, మొహం చిట్లించి, తాళం పట్టుకుని మళ్లీ స్టార్ట్ తిప్పారు.

నడుస్తున్న ఇంజిన్ మీద స్టార్టర్ తిరిగితే వచ్చే ఆ కర్ర్‌ర్ర్ ఎలా ఉంటుందో విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పక్క బైకుల వాళ్లందరూ తిరిగి చూశారు. అమ్మ ఉలిక్కిపడి లేచి పులిహోర డబ్బా పట్టుకుంది.

"నాన్నా, ఇంజిన్ నడుస్తూనే ఉంది!"

"ఎక్కడ నడుస్తోంది? జర్ర్‌మనట్లేదుగా."

"ఆ శబ్దమే కదా నేను రిపేరు చేసింది! మీకేమో అసలు శబ్దమే వినపడట్లేదన్నారు."

నాన్న నా వైపు జాలిగా చూశారు. "అది శబ్దమేంట్రా, అది ఇంజిన్."

సిగ్నల్ పడింది.